భోపాల్ రిపోర్టు వచ్చేలోపు

2025 ఫిబ్రవరి రెండో వారంలో భోపాల్‌లోని పశువ్యాధుల ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులోనూ, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరులోనూ చచ్చిన కోళ్లకు హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ సోకిందని తేలింది. ఇక ఆ రోజు నుంచి టీవీ నిండా మ్యాపులే. ఒక ఎర్ర చుక్క, దాని చుట్టూ కిలోమీటరు మేర ఒక గీత, దాని బయట పది కిలోమీటర్ల మేర ఇంకో గీత. తర్వాత ఏలూరు జిల్లా బాదంపూడి, ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలం కూడా మ్యాపులోకి ఎక్కాయి. కొత్త చుక్క పడినప్పుడల్లా యాంకరు గొంతు పెంచి "వైరస్ ఈ జిల్లాకూ పాకేసింది" అనేవాడు.

నిజానికి ఆ రోజు ఆ జిల్లాకు చేరింది రిపోర్టు. వైరస్ ఎప్పుడొచ్చిందో, ఎటునుంచి వచ్చిందో, వచ్చే దారిలో ఎన్ని షెడ్లు ఖాళీ చేసిందో ఆ మ్యాపు చూసి ఎవరూ చెప్పలేరు. సంక్రాంతి దాటినప్పటి నుంచే మావైపు ఫోన్లలో కోళ్ల చావుల మాట నడుస్తోంది. కాలువ గట్ల మీద, రోడ్ల పక్కన గోనెసంచుల్లో చచ్చిన కోళ్లు పడేస్తున్నారని జిల్లా ఎడిషన్లలో ఫొటోలు పడ్డాయి. ఎన్ని చచ్చాయన్నది మాత్రం ఒక పేపర్లో వేలల్లో, ఇంకో పేపర్లో లక్షల్లో కనబడేది. రెండూ ఒకే రోజు, ఒకే జిల్లా పేజీలో.

మాది గోదావరి జిల్లా. చుట్టాల్లో కోళ్ల ఫారాలున్నవాళ్లున్నారు. అందుకని ఈ విషయంలో నాకు కొంచెం కోపం ఎక్కువే అనుకోండి. నా గొడవ ఏంటంటే, జబ్బు ఎక్కడుందో చూపిస్తున్నామని మనం గీస్తున్న మ్యాపు, ఎవరు నోరు విప్పారో మాత్రమే చూపిస్తోంది. నోరు విప్పినవాడు మునిగేలా, గుట్టుగా అమ్ముకున్నవాడు బయటపడేలా రూల్స్ పెట్టుకున్నాం. అలాంటప్పుడు చుక్కలు తక్కువ పడ్డాయంటే నాకు ధైర్యం రాదు, టెన్షన్ వస్తుంది.

ముందు ఆలస్యం ఎలా జరుగుతుందో చూద్దాం. షెడ్లో కోళ్లు మేత మానేసి, మెడలు వాల్చి, తమ్మెలు నీలంగా మారి చచ్చిపోతుంటే రైతుకు మొదట గుర్తొచ్చేది కొక్కెర తెగులు. రాణిఖెట్ అన్నా అదే. చిన్నప్పటి నుంచీ చూస్తున్న జబ్బు, లసోటా టీకా ఉన్న జబ్బు. బర్డ్ ఫ్లూ పైకి దానిలాగే ఉంటుంది, చావు మాత్రం ఇంకా వేగం. ముదిరిన రకమైతే రెండు రోజుల్లో షెడ్డంతా ఊడ్చేస్తుంది. కంటితో చూసి రెండింటినీ విడదీయడం డాక్టరు వల్ల కూడా కాదు. శాంపిల్ తీయాలి, ఐసు పెట్టెలో సర్దాలి, మధ్యప్రదేశ్‌లోని భోపాల్ జాతీయ ల్యాబుకు పంపాలి. పశువులు, పక్షుల ప్రమాదకర జబ్బులకు దేశంలో ఆఖరి మాట ఆ ల్యాబుదే. అక్కడివాళ్ల పనిని నేను తప్పుపట్టడం లేదు. దేశం నలుమూలల నుంచి వచ్చే శాంపిళ్లు చూడాలి, పొరపాటు జరిగితే ఒక రాష్ట్రం వ్యాపారమే కూలిపోతుంది, జాగ్రత్తగానే చేస్తారు. కానీ తణుకు షెడ్లో కోడి తల వాల్చిన రోజుకీ, భోపాల్ కాగితం కలెక్టరు టేబుల్ మీదకు వచ్చిన రోజుకీ మధ్య ఏం జరుగుతుందన్నదే అసలు కథ.

ఆ మధ్యకాలంలో మూడు దారులుంటాయి. చచ్చినవాటిని పూడ్చేసి ఊరుకోవచ్చు. బతికున్నవాటిని వచ్చిన రేటుకు లారీ ఎక్కించేయొచ్చు. లేదా ఊరి పశువుల డాక్టరుకు ఫోన్ చేయొచ్చు. చట్టం ప్రకారం మూడోదే చేయాలి. 2009లో పార్లమెంటు చేసిన పశువుల అంటువ్యాధుల చట్టం, జబ్బు అనుమానం వస్తే యజమాని చెప్పి తీరాలంటుంది. చెప్పకపోతే జరిమానా ఉంది, అదీ నామమాత్రం.

ఇక పరిహారం సంగతి. కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించే ఆ డబ్బు ప్రభుత్వం చంపించిన కోడికే. జబ్బుతో చచ్చిన కోడికి పైసా లేదు. రెండు రోజుల్లో షెడ్డు ఊడ్చుకుపోయే జబ్బుకు, రిపోర్టు వచ్చాక బతికున్న కోళ్ల లెక్కన పరిహారం అంటే ఏం మిగులుతుంది? పైగా ఆ ఫోన్ కాల్ వల్ల కిలోమీటరు లోపున్న పక్కవాళ్ల కోళ్లు, ఏ జబ్బూ లేనివి కూడా, గోతిలోకి పోతాయి. పది కిలోమీటర్ల లోపు అమ్మకాలు ఆగిపోతాయి. వాళ్ల కోడిని ఎవరూ చంపరు కాబట్టి వాళ్లకు పరిహారమూ రాదు. కడిగి, సున్నం కొట్టి, మందు చల్లి షెడ్డు మూడు నెలలు ఖాళీగా ఉంచాలి. బ్యాంకు కిస్తీ మాత్రం నెలనెలా వస్తూనే ఉంటుంది.

మా మావయ్యకు లేయర్ షెడ్డు, అంటే గుడ్ల కోళ్ల షెడ్డు ఉంది. పెద్దదేం కాదు. ఆ ఫిబ్రవరిలో ఇంటికి వెళ్లినప్పుడు నన్ను లోపలికి రానివ్వలేదు, గుమ్మం దగ్గర సున్నం గీత బయటే నిలబెట్టి మాట్లాడాడు. గుమ్మం పక్కన మేకుకు తాడేసి పొడుగాటి పుస్తకం ఒకటి వేలాడుతుంటుంది. తేదీ, దాణా బస్తాలు, గుడ్ల ట్రేలు, నీళ్లలో కలిపిన మందు, చిట్టచివరి గడిలో మోర్టాలిటీ, అంటే ఆ రోజు చచ్చిన కోళ్లెన్నో. అన్నీ పెన్సిల్ రాతే. చివరి గడిలో మామూలుగా ఒకటో రెండో ఉంటాయి, కొన్నిసార్లు సున్నా. ఎండలు ముదిరితే వడదెబ్బకు ఆ అంకె పెరుగుతుంది, పక్కన "ఎండ" అని రాసి ఉంటుంది. కోళ్లకు కాపలా ఉండే ఒడిశా కుర్రాడు కూడా ఆ గడి నింపకుండా పడుకోడు. దాణా బస్తా ఒకటి తగ్గినా మావయ్య అడుగుతాడు. ఎందుకంటే చావు కన్నా ఒక రోజు ముందే మేత తగ్గుతుంది, గుడ్లు తగ్గుతాయి. ఆ సంగతి ఆయనకు ఏ వెటర్నరీ కాలేజీ చెప్పలేదు.

"మీ షెడ్లో అంకె పెరిగితే చెబుతారా మావయ్యా?" అని అడిగాను.

"చెబితే కోళ్లు పోతాయి, చెప్పకపోయినా పోతాయి. చెబితే పక్కోళ్లతో మాటలు కూడా పోతాయి కదా అల్లుడూ" అన్నాడు. కాసేపాగి, "డాక్టరు గారికి ముందు రోజే చెబితే ముందు రోజు లెక్కనే డబ్బిస్తానంటే, ఎవడు దాచుకుంటాడు చెప్పు?" అన్నాడు.

ఆయన షెడ్డు ఆ విడత బయటపడింది. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ పుస్తకం. రాష్ట్రంలో ప్రతి షెడ్లోనూ అలాంటి పుస్తకం ఒకటుంది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, దాదాపు 18 శాతం వాటా. తెలంగాణది మూడో స్థానం. అంటే రెండు రాష్ట్రాల్లో కలిపి కోట్ల కోళ్ల మీద రోజువారీ చావుల లెక్క, మేత లెక్క, గుడ్ల లెక్క ఇప్పటికే ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మాంసానికి పెంచే బ్రాయిలర్లలోనైతే ఇంకా ముందుకెళ్లారు. కంపెనీలు పిల్లనూ దాణానూ ఇచ్చి రైతు చేత పెంచించే ఇంటిగ్రేషన్ పద్ధతిలో, రోజూ సాయంత్రానికి ఆ రోజు చావులు ఎన్నో సూపర్‌వైజరు ఫోన్‌కు చేరాలి. లేకపోతే ఆయనే ఫోన్ చేసి అడుగుతాడు. అంటే ఏ మండలంలో అంకె ఎగిరిందో కంపెనీకి ఆ రాత్రికే తెలుస్తుంది. మన పశుసంవర్ధక శాఖకు వారం తర్వాత, కాలువలో సంచి తేలాక తెలుస్తుంది. జబ్బును వెంబడించడానికి కావలసిన సమాచారం మన దగ్గర లేదనడం అబద్ధం. ఉంది, మేకుకు వేలాడుతోంది.

ఆ ఫిబ్రవరిలో అధికారులు చెప్పిన కారణం వలస పక్షులు. కొల్లేరు చుట్టూ, చెరువుల మీదా చలికాలం దిగే పక్షుల రెట్టల వల్ల వైరస్ వచ్చి ఉంటుందన్నారు. కావచ్చు. 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక పెద్దబాతులో (గూస్) దొరికిన ఈ వైరస్ సంతతి ఇవాళ ఖండాలు దాటి తిరుగుతోందంటే అడవి పక్షుల పాత్ర ఉంది, కాదనను. కానీ పక్షుల మీదకు నెట్టడం చాలా సుఖం. వాటికి సంఘం లేదు, ఓటు లేదు, ప్రెస్ మీట్ పెట్టవు. ఒక షెడ్డు నుంచి పక్క షెడ్డుకు మాత్రం వైరస్ ఎక్కువగా లారీ టైర్ల మీద, మళ్లీ మళ్లీ వాడే గుడ్ల ట్రేల మీద, మనుషుల చెప్పుల మీద ప్రయాణిస్తుంది. కొల్లేటి కొంగను ఆపలేం. ట్రేను కడగగలం.

పందెం కోళ్ల మాట ఎవరూ ఎత్తరు, నేను ఎత్తుతాను. సంక్రాంతి మూడు రోజులూ మా జిల్లాల్లో ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. డేగలు, కాకులు, నెమళ్లు అని పిలిచే పందెం కోళ్లు ఎక్కడెక్కడి నుంచో కార్లలో, బస్సుల్లో, కొన్నిసార్లు రాష్ట్రం దాటి బరుల దగ్గరకు చేరతాయి. రక్తం, ఈకలు, చేతులు మారే కోళ్లు. ఓడిన కోడి, మావైపు కోజ అంటారు, సాయంత్రానికి ఎవరింటి పొయ్యి మీదకో వెళుతుంది. గెలిచిన కోడి తన ఊరికి వెళుతుంది. ఒక వైరస్‌కు ఇంతకన్నా మంచి రవాణా సౌకర్యం ఉండదు. మరి ఆ కోళ్ల కదలిక మీద ఎక్కడైనా కాగితం ముక్క ఉందా? ఉండదు, ఎందుకంటే పందేలు చట్టవిరుద్ధం. ఉన్నాయని అందరికీ తెలుసు, లేవని రికార్డు. 2025లో వైరస్ బరుల నుంచే పాకిందని నేను అనడం లేదు. పాకినా మనకు తెలిసే మార్గం లేదంటున్నాను.

థాయిలాండ్‌కూ ఇదే తలనొప్పి వచ్చింది. అక్కడా కోడిపందేలంటే ప్రాణం. 2004లో బర్డ్ ఫ్లూ దేశాన్ని కుదిపేశాక వాళ్లు పందెం కోళ్లకు పాస్‌పోర్టులు పెట్టారు. నిజంగానే. కోడి వివరాలు, పరీక్షలు, ప్రయాణాలు అన్నీ అందులో ఉండాలి. అదే ఏడాది అక్టోబరులో లక్షల మంది ఆరోగ్య వాలంటీర్లను, పశువైద్య సిబ్బందిని ఇంటింటికీ పంపి "మీ పెరట్లో కోళ్లు చచ్చాయా?" అని అడిగించారు. అడగ్గానే చుక్కలు గుట్టగా పెరిగాయి. అప్పటికి వాళ్ల జబ్బు పెరిగిందని కాదు, కనబడటం మొదలైంది. తర్వాతే తగ్గుముఖం పట్టింది. మనకు వాలంటీరు అన్న మాట రాజకీయమైపోయింది గానీ, ఊరి రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడు ఇప్పటికీ ఉన్నాడు. గేదెలకు టీకాలేసేది, వాటి చెవులకు ట్యాగులేసేది ఆయనే. ఆయన చేత పెరటి కోళ్ల సంగతి వారానికోసారి అడిగించడానికి కొత్త శాఖ అక్కర్లేదు.

అడగకుండా, చెప్పినవాణ్ణి ఆదుకోకుండా చంపడం మొదలుపెడితే ఏమవుతుందో 2008లో పశ్చిమ బెంగాల్‌లో చూశాం. అక్కడ కోళ్లు ఫారాల్లో కన్నా పెరళ్లలో ఎక్కువ. చంపే బృందాలు వస్తున్నాయంటే జనం కోళ్లను దాచేశారు, రాత్రికి రాత్రి చుట్టాల ఊళ్లకు తరలించారు. వాటితో పాటు వైరస్సూ వెళ్లింది. చివరికి చంపాల్సి వచ్చిన కోళ్ల సంఖ్య లక్షల్లోకి పోయింది.

మళ్లీ మన దగ్గరికి వద్దాం. 2025 ఫిబ్రవరిలో తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఆంధ్రా కోళ్ల లారీలను వెనక్కి పంపారు. హైదరాబాద్‌లో మా వీధి చికెన్ సెంటర్‌వాడు "మాది తెలంగాణ కోడి" అని అట్టముక్క మీద రాసి వేలాడదీశాడు. ఉద్యమం రోజుల్లో కూడా కోడికి ఇంత గుర్తింపు రాలేదు. తర్వాత చౌటుప్పల్ వైపు నుంచి కోళ్ల చావుల వార్తలొచ్చాయి, ఏప్రిల్‌కల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. అంతకు పదేళ్ల ముందు, 2015 ఏప్రిల్‌లో, తెలంగాణలో బర్డ్ ఫ్లూ బయటపడింది హయత్‌నగర్ మండలం తొర్రూరులో. చౌటుప్పల్, అబ్దుల్లాపూర్‌మెట్, హయత్‌నగర్, ఈ మూడు పేర్లనూ ఒకసారి వరసగా చదవండి. విజయవాడ బస్సెక్కినవాళ్లెవరికైనా అవి ఒకే రోడ్డు మీద ఊళ్లని తెలుసు. కోళ్ల ఫారాలు కూడా ఆ చుట్టుపక్కలే ఎక్కువ కాబట్టి ఇందులో వింతేమీ లేకపోవచ్చు. అయినా ఆ రోడ్డు పొడవునా ప్రతి చలికాలం శాంపిళ్లు తీయడానికి ఇంతకంటే కారణం కావాలా?

ఇక మనుషుల విషయం. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. హెచ్5ఎన్1 అని పుణె వైరాలజీ సంస్థ తేల్చింది. ఇంట్లో కూర వండుతుంటే పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని వార్తల్లో వచ్చింది. వండిన కూర తిన్న ఇంట్లోవాళ్లకు ఏమీ కాలేదు. 70 డిగ్రీలు దాటి ఉడికితే ఈ వైరస్ బతకదు, అందులో అనుమానం లేదు. కానీ ఫిబ్రవరి అంతా పేపర్లలో వచ్చిన ఊళ్ల పేర్లలో నేను పల్నాడు ఊరు ఒక్కటీ చూడలేదు. మన మ్యాపులో శుభ్రంగా ఉన్న చోటికి కోడి వచ్చింది, కోడితో వైరస్ వచ్చింది, దాన్ని కనిపెట్టింది మాత్రం ఒక పసిపిల్ల ప్రాణం పోయాక. ఏ జబ్బు నిఘాలోనైనా ఇంతకు మించిన ఓటమి ఉండదు.

అంతకు ఏడాది ముందు ఇంకోటి జరిగింది. కోల్‌కతా వచ్చి వెళ్లిన ఒక చిన్నపాపకు ఆస్ట్రేలియాలో హెచ్5ఎన్1 బయటపడింది. వాళ్ల ల్యాబు చూసింది కాబట్టి కనబడింది. ఆ పాప ఇక్కడే ఉండిపోయి ఉంటే "వైరల్ ఫీవర్" అని రాసి యాంటీబయాటిక్ ఇచ్చి పంపేవాళ్లు. మన క్లినిక్కుల్లో జ్వరం వచ్చిన పిల్లవాడి తల్లిని "ఇంటి దగ్గర కోళ్లేమైనా చచ్చాయా అమ్మా?" అని అడిగిన డాక్టరును మీరెప్పుడైనా చూశారా?

మనమే వెనకబడ్డామని కుంగిపోనక్కర్లేదు. అమెరికాలో ఆవులకు ఈ వైరస్ సోకిందని 2024 మార్చిలో బయటపడేసరికి, అది కొన్ని నెలలుగా మందల్లో తిరుగుతోందని జన్యువుల లెక్క చెప్పింది. అక్కడా రైతులు పరీక్షలంటే ముఖం చాటేశారు. చివరికి ఆ ఏడాది డిసెంబరులో, ఎవరినీ బతిమాలకుండా, పాల ట్యాంకుల నుంచే శాంపిళ్లు తీసే పద్ధతి తప్పనిసరి చేశారు. రైతు నోరు విప్పినా విప్పకపోయినా పాలు చెబుతాయి. ఆ ఆలోచన నాకు నచ్చింది. మనకు పాల ట్యాంకు లాంటిది ఏది? హోల్‌సేల్ కోళ్ల మార్కెట్. చికెన్ సెంటర్ వెనకాల ఈకలు, పేగులు పడే డ్రమ్ము. అక్కడ వారానికోసారి దూది పుల్లతో శాంపిల్ తీస్తే ఏ రైతు పేరూ బయటికి రాదు, ఏ ఊరూ నింద మొయ్యదు. ఆ వారం ఆ నగరానికి వచ్చిన కోళ్లలో వైరస్ ఉందా లేదా తెలుస్తుంది.

ఇది చెప్పినప్పుడల్లా ఒక ఎదురుప్రశ్న వస్తుంది. ఇంత వెతికితే ఇంత దొరుకుతుంది, దొరికితే జనం చికెన్ మానేస్తారు, రైతు మునుగుతాడు, అందుకని కాస్త చూసీ చూడనట్టు పోవడమే మంచిదని. ఇందులో కొంత నిజముంది. ఆ ఫిబ్రవరిలో రేటు ఎలా పడిపోయిందో చూశాం. భయం పోగొట్టడానికి పౌల్ట్రీవాళ్లు మేళాలు పెట్టి చికెన్, గుడ్లు ఉచితంగా పంచితే జనం కిలోమీటర్ల కొద్దీ క్యూ కట్టారు. ఫ్రీ అంటే మనవాళ్లకు ఏ వైరసూ అడ్డు రాదని అప్పుడు అర్థమైంది. కానీ ఆ భయం మ్యాపు చూపించినందుకు పుట్టింది కాదు. కాలువలో సంచుల ఫొటో చూసి, పేపరుకో లెక్క చదివి, ఎవరూ పూర్తిగా చెప్పడం లేదన్న అనుమానంతో పుట్టింది. ప్రతి సోమవారం "ఈ వారం ఇన్ని మార్కెట్లలో ఇన్ని శాంపిళ్లు చూశాం, ఇన్నింట్లో ఏమీ లేదు, ఇన్నింట్లో ఉంది" అని శాఖ ఒక కాగితం విడుదల చేస్తే, సున్నా వచ్చిన వారం కూడా సున్నా అని రాస్తే, అది పది మేళాల పెట్టు.

టీకా మాట కూడా కొందరు ఎత్తుతున్నారు. చైనా ఏళ్ల తరబడి కోళ్లకు వేస్తోంది, ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి బాతులకు వేస్తోంది. మన దేశం మాత్రం 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పటి నుంచీ కనిపెట్టు, చంపు అన్న పద్ధతే పట్టుకుంది. టీకా వేసిన కోడి చావదు గానీ వైరస్‌ను గుట్టుగా మోయగలదు, కాబట్టి టీకా వేస్తే నిఘా ఇంకా ఎక్కువ కావాలి. ఇప్పుడున్న నిఘాతో టీకా మొదలుపెడితే ఇప్పుడు కనబడుతున్న ఆ నాలుగు చుక్కలు కూడా కనబడవు. అందుకే దాన్ని పక్కన పెడుతున్నాను.

మార్చాల్సింది ముందుగా ఒక్క రూలు. పరిహారం లెక్క భోపాల్ రిపోర్టు తేదీ నుంచి కాకుండా, రైతు ఫోన్ చేసిన గంట నుంచి మొదలవ్వాలి. ఆ గంటకు షెడ్లో ఎన్ని కోళ్లున్నాయో పుస్తకంలోనే ఉంటుంది. తర్వాత అవి జబ్బుతో చచ్చినా, శాఖ చంపించినా ఒకటే రేటు. రిపోర్టు కొక్కెర అని వస్తే ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు, అప్పటికీ శాంపిల్ ఖర్చు తప్ప ప్రభుత్వానికి పోయేదేమీ లేదు. దొంగ లెక్కలు రాస్తారంటారా, దాణా బిల్లులున్నాయి, గుడ్ల ట్రేల బిల్లులున్నాయి, అన్నీ ఒకేసారి అబద్ధమాడటం కష్టం. ఇంటిగ్రేషన్ కంపెనీల ఫోన్లకు వెళ్లే సాయంత్రపు అంకె అదే సమయానికి జిల్లా పశుసంవర్ధక కార్యాలయానికీ వెళ్లాలి. ఇది కంపెనీల ఇష్టానికి వదిలేయకుండా లైసెన్సు షరతు చేయాలి. మా మావయ్య లాంటి సొంత షెడ్డువాళ్లకు రోజూ కాకపోయినా, అంకె మామూలు కన్నా ఎగిరిన రోజు ఒక్క మిస్డ్ కాల్ చాలు. కొల్లేటికి పక్షులు దిగేది నవంబరులో, బరులు కట్టేది జనవరిలో. ఆ జీవో రావాల్సింది దసరాలోపు.